అత్తయ్యగారి మోకాలి గ్రాఫ్

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అత్తగారు నరసాపురం వెళ్లకుండా కొన్నాళ్లు రాజమండ్రిలో మా ఇంట్లోనే ఉన్నారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజు విడిచి రోజు వచ్చి వ్యాయామం చేయించేది. చివర్లో ఒక ప్లాస్టిక్ కొలబద్ద కాలికి ఆనించి, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో చెప్పేది.

ఆ అంకెలు రాసుకోవడం నా పని. నేను ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఆఫీసు పనులూ, పిల్లల స్కూలు సంగతులూ అన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటాను. అందులో రంగులూ బొమ్మలూ ఏమీ ఉండవు, ఒట్టి అక్షరాలే. అక్కడే నిలువు గీతలు కొట్టి, తేదీకొక గడి, డిగ్రీలకొక గడి పెట్టి పట్టిక వేశాను. దాని పైన ఏ గడిని అడ్డంగా, ఏ గడిని నిలువుగా తీసుకోవాలో ఒక వరుస రాస్తే చాలు. రెండు మీటలు నొక్కగానే గ్రాఫ్ పక్కన ప్రత్యక్షమవుతుంది.

మొదటిసారి చూపించినప్పుడు అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇదేంటమ్మాయ్, నా కాలేనా?"

"మీ కాలేనండి. గీత పైకెళ్తే కాలు బాగా వంగుతున్నట్టు."

అప్పట్నుంచి ఫిజియో అమ్మాయి గేటు దాటేలోపే లాప్‌టాప్ తెమ్మనేవారు.

ఒక వారం మోకాలు వాచింది. ఆ వారానికి నేను కొత్త పట్టిక మొదలుపెట్టాను. ఎనభై అయిదు, ఎనభై నాలుగు, ఎనభై రెండు. గ్రాఫ్ తెరిస్తే గీత పైమూల నుంచి కిందిమూలకు జారిపోయి ఉంది. ఆవిడ లేచి గదిలోకి వెళ్లిపోయారు. మర్నాడు వ్యాయామం చెయ్యలేదు.

"నా వల్ల కాదులే. నన్ను ఊళ్లో దిగబెట్టేయండి," అన్నారు.

"తగ్గింది మూడు డిగ్రీలేనండి."

"మూడైతే అంత గోతిలోకి ఎందుకు దిగింది మరి?"

న్యాయమైన ప్రశ్న. పక్కన కూర్చుని గ్రాఫ్ అంచులు చూపించాను. ఉన్న అంకెల్లో చిన్నదాన్ని అడుగున, పెద్దదాన్ని పైన పెట్టి, మధ్య జాగా అంతా ఆ మూడు డిగ్రీలకే ఇచ్చేసింది కంప్యూటర్. పాత వారాల వరుసలన్నీ ఈ పట్టికలో కలిపి, సున్నా నుంచి నూట ఇరవై దాకా గీయమని రాశాను. ఈసారి పొడుగాటి ఎత్తు, దాని కొసన చిన్న వంపు వచ్చాయి.

"అంటే నీకెలా కావాలంటే అలా గీస్తుందన్నమాట," అన్నారు అనుమానంగా.

"అంకెలు అవేనండి. కావాలంటే పట్టిక చదవండి."

వేలు పెట్టి ప్రతి వరుసా చదివారు. "సరే, రెండు బొమ్మలూ ఉంచు. ఆ పిల్లని అడుగుదాం."

ఫిజియో అమ్మాయి రెండూ చూసి నవ్వింది. "వాపు వల్ల తగ్గిందండి మామ్మగారూ. ఐసు పెట్టండి, రెండ్రోజులు మెల్లిగా చేద్దాం." వాపు తగ్గింది, గీత మళ్లీ పైకి లేచింది.

అప్పుడు అత్తయ్యగారికి కొత్త ఆలోచన వచ్చింది.

"నొప్పి కూడా రాయమ్మాయ్."

"దానికి కొలబద్ద ఏదండీ?"

"నేనున్నానుగా. సున్నా నుంచి పది దాకా నేను చెప్తాను."

పొద్దున్నే కాఫీ తాగుతూ "ఇవాళ నాలుగున్నర" అని ప్రకటించేవారు. "అర కూడానా అమ్మా?" అని మావారు ఆటపట్టిస్తే, "నా నొప్పి నాకు తెలీదేంట్రా?" అనేవారు. ఆ గ్రాఫ్ పడుతూ లేస్తూ ఉండేది. ఒకరోజు దాన్ని తేరిపార చూసి, "మా చెల్లి ఫోన్ చేసినరోజు తగ్గుతోంది చూడు," అన్నారు. ఆ వంకన రోజూ గంటసేపు ఫోన్. నిజంగానే సంబంధం ఉందో లేదో నేను లెక్కలు తియ్యలేదు. ఆవిడ నవ్వు వంటింట్లోకి వినిపిస్తుంటే తియ్యబుద్ధి కాలేదు.

మోకాలు నూట పది దాటాక ఫిజియో అమ్మాయి ఇక రానక్కర్లేదంది. ఆవిణ్ణి నరసాపురం తీసుకెళ్లాం. వెళ్లిన సాయంత్రమే గోదావరి దాటి చెల్లెలింటికి పోదామన్నారు. రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు ఎక్కేచోట బల్ల కాస్త ఊగుతోంది. నేను చెయ్యి అందించబోయాను.

"నువ్వు ముందు నడు అమ్మాయ్, వెనకాల జనం ఆగిపోయారు," అని కమ్మీ పట్టుకుని ఎక్కేశారు.