శోభనాద్రి పెట్టిన హద్దు

చల్లపల్లి సెంటర్లో ఎవరినడిగినా సౌండు శోభనాద్రి కొట్టు చూపిస్తారు. అతను ఐటీఐ చదవలేదు, ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. కుర్రతనంలో తిరునాళ్ళ మైకుసెట్ల పక్కనే పడుకుని, కాలిపోయిన ఆంప్లిఫయర్లు విప్పి బిగించి, షాకులు తిని నేర్చుకున్న విద్య అది. ఇప్పుడన్నీ కల్యాణ మండపాలు, హోటళ్ళు, ఆసుపత్రులు. గదిగదికీ గోడమీద ఒక చిన్న ప్లేటు, దానికో గుండ్రటి నాబ్. అది తిప్పితే ఆ గదిలో సౌండు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆంప్లిఫయరు మాత్రం ఏ మూల గదిలోనో తాళం వెనక ఉంటుంది.

వైరు లాగడం, చివర్లకు జాక్‌లు బిగించడం, ప్లేటు వెనక బుల్లి స్విచ్చులతో అది ఏ గదిదో నంబరు పెట్టడం చాలామంది చేస్తారు. అసలు పని ఆ తర్వాతే. నాబ్ ఎంత తిప్పినా సౌండు ఒక హద్దు దాటకుండా ఆంప్లిఫయర్లో కట్టడి చెయ్యాలి. లేకపోతే పెళ్ళికొచ్చిన ప్రతివాడూ ఓ తిప్పు తిప్పి జనం చెవులు చిల్లులు పడేలా చేస్తాడు. ఆ హద్దు సౌండు కొలిచే మీటరుకు తెలియదని శోభనాద్రి నమ్మకం. భోజనాల హాలైతే తనే ఆకు ముందు కూర్చునేవాడు. వడ్డించేవాళ్ళు మామూలు గొంతుతో "పప్పు వేయమంటారా?" అంటే వినపడాలి, పైనుంచి సన్నాయీ వినపడాలి. రెండూ ఒకదాన్నొకటి తొక్కని చోటే హద్దు. ఆ చెవిని నమ్మే బందరు నుంచి అవనిగడ్డ దాకా అతన్ని పిలిచేవారు.

గుడివాడలో సీతారామయ్యగారు కొత్తగా కల్యాణ మండపం కట్టించారు. తెల్లారితే అందులో మొదటి పెళ్ళి. శోభనాద్రి, బావమరిది అంకమ్మరావు వైరింగంతా ముగించారు. వంటవాళ్ళు పనివాళ్ళకు పెట్టే మధ్యాహ్నం భోజనంలోనే సౌండు సరిచూద్దామని శోభనాద్రి భోజనాల హాల్లో ఆకు ముందు కూర్చున్నాడు.

"ఏవయ్యా శోభనాద్రీ, మీ సన్నాయాయన ఉపవాసం ఉన్నాడా ఏంటి? నాబ్ చివరిదాకా తిప్పినా దోమ పాడినట్టుంది" అన్నారు సీతారామయ్యగారు.

"ఇంకా ఎక్కువే ఉందండీ. వడ్డించేవాళ్ళ మాట మింగేస్తోంది."

"సుగుణమ్మ మాటా? ఆవిడ ఇక్కడ కేకేస్తే పామర్రులో బస్సు ఆగుద్ది!"

"ఆగితే ఆగిందిలెండి, నాక్కూడా సీటు దొరుకుద్ది" అంది వడ్డించే సుగుణమ్మ.

అందరూ నవ్వారు. వాళ్ళు ఎందుకు నవ్వారో తెలియకపోయినా శోభనాద్రీ నవ్వాడు. మూల గదిలోకి వెళ్ళి హద్దు ఇంకాస్త దించి వచ్చాడు. అయినా వడ్డించేవాళ్ళ మాట తేలలేదు. తప్పు ఎక్కడుందో అంతుచిక్కనప్పుడు అతనిదొకటే పద్ధతి. ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టడం. ప్లేటు విప్పి పెళ్ళి జరిగే హాల్లోది తెచ్చి పెట్టాడు. జాక్‌లు కత్తిరించి కొత్తవి బిగించాడు. రెండు గదులకూ ఒకే నంబరు పడిందేమోనని స్విచ్చులు చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మళ్ళీ వచ్చి కూర్చుని స్పీకరు వంక చూస్తున్నాడు.

చారు బకెట్టుతో పక్కనే నిలబడ్డ సుగుణమ్మ అంకమ్మరావుతో ఏదో అంది. అంకమ్మరావు ఊరుకోమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఆ సైగ శోభనాద్రి కంటపడింది.

"ఆంప్లిఫయరు కట్టెయ్ రా. ఫ్యాన్లు కూడా" అన్నాడు.

అంకమ్మరావు కదల్లేదు. శోభనాద్రే లేచి మెయిన్ దించేసి వచ్చాడు.

"సుగుణమ్మా, చారు పొయ్యమంటారా అని అడుగు. నా మొహం చూడకు. బకెట్టులోకి చూస్తూ అడుగు."

ఆమె వంగింది. శోభనాద్రి ఎదురు చూశాడు. ఆమె మెడ నరం కదిలింది. గరిట బకెట్టు అంచుకు తగిలింది. అదీ వినపడలేదు.

"అడిగావా?"

సుగుణమ్మ తలూపింది. పీకి పక్కన పెట్టడానికి ఇంక ఏ వైరూ మిగల్లేదు.

అంకమ్మరావును మూల గదిలోకి తీసుకెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. "ఎప్పటినుంచి?"

"బందరు ఆసుపత్రి పని నుంచి బావా. నువ్వు పెట్టి వచ్చేశాక నేను వెనక్కెళ్ళి కాస్త పెంచి వస్తున్నా."

ఆ పని బ్రహ్మాండంగా కుదిరిందని ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. ఆ మెప్పు శోభనాద్రి పదిమందికీ చెప్పుకున్నాడు.

"నాతో ఒక్కమాట అనలేకపోయావా?"

"ఏమనను? స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది నువ్వు. నీ చెవి పోయిందని నీకు నేను చెప్పేదా? చెవికి మిషను పెట్టుకుందువుగాని, బందరెళ్దాం."

"పెట్టుకుంటాలే. మిషనుతో మనిషి మాట వినపడుద్దేమో. పని చేసే చెవి రాదురా." హాలు వైపు చూపించి, "పో, ఆకు ముందు నువ్వు కూర్చో" అన్నాడు.

శోభనాద్రి మెయిన్ మళ్ళీ వేసి తలుపు తెరిచి పెట్టాడు. అంకమ్మరావు హాల్లోంచి చెయ్యి ఎత్తితే పెంచాడు, దించితే దించాడు. చెయ్యి నిలిచిన చోట ఆపేశాడు. సీతారామయ్యగారు పొంగిపోయి, "ఇదీ సౌండంటే! నీ చెవే చెవయ్యా!" అని భుజం తట్టారు.

ఆయన మొహం చూసే మాట పోల్చుకున్నాడు శోభనాద్రి. "నాది కాదండీ, మా బావమరిదిది. ఇకనుంచి వాడికే ఫోన్ చెయ్యండి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కుమారి అరుగు మీద ఎండురొయ్యల తలలు తుంచుతోంది. శోభనాద్రి పీట వేసుకుని ఆమెకెదురుగా కూర్చున్నాడు.

"నాకు చెవుడొచ్చిందంట."

తెలుసన్నట్టు తలూపింది.

"ఈమధ్య నువ్వు మాట్లాడకపోతే మీ అమ్మ పోయిన దిగులనుకున్నానే."

కుమారి గొంతు పెంచింది. "అన్నానికి రమ్మని, గ్యాసు అయిపోయిందని అరిచి చెప్తూనే ఉన్నాగా. చిన్న చిన్న మాటలు అరిచి ఏం చెప్పను? వీధంతా వినదూ?"

"ఏం మాటలవి?"

ఆమె చేతులాపి ఆలోచించింది. "ఏవో. అప్పటికప్పుడు అనిపించేవి. ఇప్పుడు గుర్తుంటాయా?"

శోభనాద్రి పీట ఇంకా దగ్గరకు జరుపుకుని ఆమె పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాడు. కుమారి మళ్ళీ రొయ్యలు తుంచడం మొదలుపెట్టింది. చేట నిండింది గాని, ఆమె పెదవులు కదల్లేదు.