నేను రుచి చూడని నీళ్ళు

పదకొండేళ్ళుగా ఒక అబద్ధం నాతోపాటు భోజనానికి కూర్చుంటోంది. అన్నం ముద్ద బాగానే దిగుతుంది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తినప్పుడే ఒక్క క్షణం ఆగుతాను. మా ఆవిడ గమనించింది. "ఏం, నీళ్ళలో ఏమన్నా పడిందా?" అంటుంది. లేదంటాను. అదీ అబద్ధమే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎదుటిమనిషి మొహం కనిపిస్తే నాకు మాట మార్చే జబ్బుంది. గుడివాడలో కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి. గడప తొక్కిన మనిషి కొనడానికొచ్చాడో, ఊరికే ధర అడగడానికొచ్చాడో చెప్పు విడిచే తీరును బట్టి చెప్పేవాణ్ణి. "కందిపప్పు కొత్తదేనా?" అని ఎవరన్నా అడిగితే మా నాన్న "నిన్ననే దిగిందండీ" అనేవాడు. దిగింది నిన్ననే. పప్పు మాత్రం పోయినేడాదిది. ఆయన అబద్ధమాడలేదు, ఆ మనిషి మోసపోకుండానూ పోలేదు. ఈ విద్య నాకు బడికి పోకముందే వచ్చేసింది. దీన్ని గొప్పగా చెప్పుకుంటూ నలభై ఏళ్ళు బతికాను కూడా.

నేను రాసేది ఒక మనిషి గురించి. పోయిన నెలలో చనిపోయారు. పేరు రాయను. ఊరి పేరూ రాయను. ఇద్దరం మంచినీళ్ళ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్లం. దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళ చెరువులు మా ఇద్దరి కింద ఉండేవి. చుట్టరికం ఏమీ లేదు. అయినా నేను బావగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను బావా అనేవారు.

ఆ పక్క భూమిలో బోరు వేస్తే ఉప్పునీళ్ళే. ఎండాకాలంలో కాలువ కట్టేసేముందు చెరువు నింపుకుంటేనే మళ్ళీ తొలకరిదాకా తాగడానికి నీళ్ళు. అందులో ఒక మెలిక ఉంది. కాలువ చివర ఊళ్ళు కదా, పైనుంచి వచ్చే నీళ్ళు పలచబడ్డ రోజున, అమావాస్యకో పున్నానికో సముద్రం పోటెక్కితే, మురుగు కాలువల్లోంచి ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుకొచ్చి మంచి కాలువలో కలుస్తుంది. కంటికి తేడా తెలియదు. అందుకని చెరువు తూము ఎత్తేముందు బాధ్యత ఉన్న మనిషి కాలువలోకి దిగి, దోసిలితో నీళ్ళు తీసుకుని పుక్కిలించి ఊస్తాడు. రెండో దోసిలి ఊళ్ళోవాళ్ళ ఎదుట మింగుతాడు. అప్పుడే తూము లేస్తుంది. ఆఫీసులో మీటరు ఉండేది. బావగారు "మీటరు కాగితానికి, నాలిక జనానికి" అనేవారు.

ఆ మనిషి ఎలాంటివారంటే, ప్రతి చెరువు గోడ మీదా తన ఫోన్ నంబరు తనే కుంచె పట్టుకుని రాసుకున్నారు. నేను నవ్వాను. "పెళ్ళాలు కూరలో ఉప్పెక్కువేసినా మీకే ఫోన్ చేస్తారండీ" అన్నాను. "చెయ్యనీ బావా, నీళ్ళ గురించి కూడా చేస్తారుగా" అన్నారు. తుఫాను తర్వాత హంసలదీవి పక్క గూడేలకు రోడ్డు తెగితే మోపెడ్ ఒడ్డున పడేసి, బ్లీచింగ్ పౌడర్ సంచి నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో వెళ్ళారు. నేనూ వెళ్ళాను. మర్నాడు, రోడ్డు వేశాక.

ఇక ఆ రోజు.

కాలువ కట్టేయడానికి రెండు రోజులే ఉంది. ఆయన కిందున్న రెండు చెరువులకూ ఒకే వంతులో నీళ్ళొచ్చాయి. ఒకచోట ఆయన నిలబడి, రెండోచోట నన్ను నిలబడమన్నారు. "నా చెరువే గానీ నీ చేతిలో పెడుతున్నా" అన్నారు. అమావాస్య. పొద్దున తొమ్మిదింటికే వెళ్ళాను. ఊళ్ళోవాళ్ళింకా పొలాల్లోనే ఉన్నారు, తూము మనిషి మాత్రం సిద్ధంగా ఉన్నాడు. కాలువ పాతిక అడుగుల దూరంలో ఉంది. పాతికే.

గట్టు మీద ఒక చేపలావిడ బుట్ట దించుకుని కూర్చుంది. బుట్టలో పండుగప్ప. అంత పెద్దది, అంత తాజాది గుడివాడ బజారులో కనపడదు. మా బావమరిది పెదపారుపూడిలో ఉంటాడు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాలి, వాడి ముందు గొప్ప పోవాలి. బేరం మొదలుపెట్టాను. చేప మొప్ప ఎత్తి చూశాను. లేచి నాలుగడుగులు వెళ్ళిపోయినట్టు వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆమె నాకు సరైన జోడీ.

"ఏంటి సారూ, చేపకి బేరమాడుతున్నారా, పిల్లకి సంబంధం మాట్టాడుతున్నారా?" అంది. గట్టు మీద బుట్టలు దించుకున్న మిగతా చేపలవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె ధరలో చివరి మెట్టు దిగబోతోంది. అది నాకు తెలుస్తుంది. అప్పుడు లేస్తే బేరం చెడుతుంది.

ఫోన్ మోగింది. బావగారు.

"బావా, నోట్లో పోసుకుని చూశావా?"

"చూశానండీ బావగారూ. కొబ్బరినీళ్ళే."

"రెండో దోసిలి మింగావా?"

"మింగానండీ."

"అయితే లేపించు. అమావాస్య కదా, భయపడ్డాను. నువ్వున్నావుగా."

కూర్చున్నచోటు నుంచే తూము మనిషికి చెయ్యి ఊపాను. అతను లేపాడు. ప్రతిసారీ తనూ ఒక చుక్క నాలిక మీద వేసుకునేవాడట. సారే చూశానంటుంటే విన్నాక ఇంకెందుకనుకున్నాడు.

అబద్ధం ఎందుకు ఆడాను? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. ఉప్పని తెలిసి ఆడలేదు. ఐదు నిమిషాల్లో చేప సంచిలో పడ్డాక వెళ్ళి చూద్దామనుకున్నాను. చూడబోయేదాన్ని చూశానన్నాను, అంతే కదా అని ఎన్నో ఏళ్ళు నన్ను నేను మందలించుకుని వదిలేశాను. కానీ ఐదు నిమిషాలయ్యాక కూడా నేను వెళ్ళలేదు. బేరం గెలిచాను. ఆ సంబరంలో చేపని కాగితంలో చుట్టించుకుని, పదిన్నర బస్సు ఎక్కేశాను. సాయంత్రం బావమరిది ఇంట్లో పులుసు తింటూ ఆ బేరం కథ అభినయంతో సహా చెప్పాను. సరిగ్గా ఆ సమయానికి చెరువు నిండుతోంది.

మర్నాడు పొద్దున బిందె ముంచిన మొదటి ఆడమనిషి ఉమ్మేసిందట. తూము మూసేటప్పటికే చెరువు ముప్పావు నిండింది. ఆ సాయంత్రమే పైన కాలువ కట్టేశారు. మళ్ళీ నింపడానికి నీళ్ళు లేవు.

ఆ ఎండాకాలం ఆ ఊరు ట్యాంకరు కోసం బారులు తీరింది. ట్యాంకరు ఒక్కటి. దాన్ని పట్టుకుని బావగారు ఆ మూడు నెలలూ రోజూ తిరిగారు, ఆదివారాలు కూడా. ముసలాళ్ళ బిందెలు తనే మోసేవారు. తూము మనిషి సారు చెబితేనే లేపానన్నాడు, ఆ ఊళ్ళో సారంటే బావగారే; అందుకని ఊళ్ళోవాళ్ళు ఆయన్నే మొహం మీద తిట్టేవాళ్ళు. "ఉప్పుసారొచ్చాడర్రా, బిందెలు తెండి!" అని కేకలేసేవాళ్ళు. ఆ పేరు ఆయనకు అలా పడింది. ఆయన ఒక్కసారి కూడా వాళ్ళకి అడ్డు చెప్పలేదు. నేను ఆ మూడు నెలల్లో ఆ ఊరి వైపు వెళ్ళకుండా పనులు కల్పించుకున్నాను.

విచారణ బందరులో జరిగింది. పై ఆఫీసరు గది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. ఆఫీసరు అడిగింది ఒకే మాట. "తూము లేపమన్నది ఎవరయ్యా?"

నేను చెప్పాను. "ఫోన్లో వారే చెప్పారండీ."

చూశారా. అక్షరం అబద్ధం లేదు. పప్పు నిన్ననే దిగింది.

ఆఫీసరు ఆయన వైపు తిరిగి, "నిజమేనా?" అన్నారు. బావగారు నన్ను చూశారు. కోపంగా కాదు. బస్సులో పక్కసీటు మనిషి తన చోటికి జరుగుతాడేమోనని చూసినట్టు చూశారు. మిగతా సగం నేనే చెబుతానని ఆగారు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. "నేనే చెప్పానండీ. నా చెరువేనండీ" అన్నారు ఆయన.

బయటికొచ్చాక ఏమంటారోనని ఆయన వెనకే నడిచాను. మెట్లు దిగుతూ, "మధ్యాహ్నం ట్రిప్పుకి ట్యాంకరు డ్రైవరు వస్తానన్నాడా?" అన్నారు. అంతే. ఆ రోజుకి అదే మా ఆఖరి మాట.

ఆయనకు ఛార్జి మెమో ఇచ్చారు. ఆ ఏడాదే ప్రమోషన్ల జాబితా. సీనియారిటీలో ఆయన నాకు పైన. ఆయన పేరు పక్కన పెట్టారు. కింది పేరు నాది. నేను బందరు ఆఫీసులో కుర్చీలో కూర్చున్నరోజు ఆయన లడ్డూల పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మంచి కబురు బావా" అన్నారు. నేను ఒకటి తీసుకుని తిన్నాను. ఆయన కళ్ళెదుటే తిన్నాను. ఎలా తినగలిగాను?

ఆయనకు తెలుసా అని మీరు అడగొచ్చు. తెలుసు. ఆ తర్వాత పదేళ్ళలో ఆయన నన్ను ఎప్పుడూ "రుచి చూశావా" అని అడగలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నా ఆఫీసు కిందున్న చెరువులకు కూడా పనిమాలా మోపెడ్ మీద వచ్చి, చెప్పులు విడిచి, కాలువలోకి దిగి తనే దోసిలి పట్టేవారు. "ఇటు పనుండి వచ్చా బావా" అనేవారు. ఏ పనీ ఉండేది కాదు. అంతకంటే పెద్ద శిక్ష ఎవరు వేయగలరు? అందులో నన్ను శిక్షించాలన్న ఆలోచన కూడా లేదు. జనం తాగే నీళ్ళ విషయంలో ఆయన ఇక నన్ను నమ్మలేదు, అంతే.

చెప్పడానికి ఎన్ని అవకాశాలు వచ్చాయో! వాళ్ళమ్మాయి పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని తిన్నాం. నా రిటైర్మెంటుకి దండ వేశారు. ఆయన రిటైర్మెంటుకి నేను వేశాను. ప్రతిసారీ నాతో నేనే బేరం ఆడుకున్నాను. ఇప్పుడెందుకు, పాతబడనీ. పాతబడింది కదా, ఇంకెందుకు. ఈ బేరంలో అవతలి మనిషే లేడు. అయినా ప్రతిసారీ నేనే గెలిచాను.

పోయిన నెలలో గుండె ఆగి పోయారు. బందరులో, సొంత ఇంట్లో, మధ్యాహ్నం నిద్రలో. ఆ చెరువు ఊరివాళ్ళు సంతాప సభ పెట్టి, ఆయన గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడని నన్ను మాట్లాడమన్నారు. స్కూలు ఆవరణలో ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తు బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో "మా ఉప్పుసారుకు అశ్రునివాళి". ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తిట్టు ముద్దుపేరైపోయింది. వాళ్ళు క్షమించేశారు. ఆయన చెయ్యనిదానికి.

నేను పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడాను. మాట నా సొత్తు కదా. బ్లీచింగ్ సంచి చెప్పాను, గోడ మీది నంబరు చెప్పాను. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. నా తర్వాత ఒక పెద్దాయన లేచి, "ఆయనది జీవితమంతా కలిపి ఒక్కటే తప్పు. అదీ మాకోసం మోపెడ్ మీద తిరిగి తిరిగి అరగదీసుకున్నాడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తిరుగు దారిలో కారులో ఆయన భార్య నా పక్కన కూర్చున్నారు. అక్కయ్యా అంటాను నేను ఆవిడని. కిటికీలోంచి చూస్తూనే అన్నారు: "ఆ ఏడు నేను కూడా అన్నాను తమ్ముడూ. ఊళ్ళకూళ్ళకి రుచి చూసి పోసే మనిషివి, ఆ ఒక్కరోజు నీ నాలిక్కి ఏమొచ్చింది అన్నాను. ఊళ్ళో మొహం ఎత్తుకోలేకపోతున్నానన్నాను. అన్నం పెట్టి మరీ అన్నాను. తిరిగి ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అదే గుర్తొస్తోంది. ఎందుకన్నానా అని."

నేను కారులో ఉన్నాను. నోరుంది. ఏమీ అనలేదు.

కానీ ఆ తర్వాత నిద్ర అన్నం రెండూ పోయాయి. ఆయన నా తప్పు మోశారు, అది పాతలెక్క అనుకున్నాను. ఆవిడ ఇప్పుడు కొత్తగా ఇంకొకటి మోస్తోంది. అదీ నాదే. మొన్న ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. దారిలో మాటలు సిద్ధం చేసుకున్నాను. "మా ఇద్దరి పొరపాటు" అని మొదలుపెడదామనుకున్నాను. కోనేరు సెంటరు దాటేసరికి "నా వల్ల కూడా" అని మార్చాను. గేటు తీసేటప్పుడు ఆ "కూడా" కూడా పోయింది.

కుర్చీ అంచున కూర్చుని చెప్పేశాను. చేప దగ్గర్నుంచి క్యాలెండరు దాకా.

"ఆయనకి తెలుసా?"

"తెలుసక్కయ్యా."

"నాకు కూడా చెప్పలేదు" అన్నారు. నాతో అన్నట్టు లేదు. తర్వాత లేచి నిలబడి, "నాకు చెప్తే ఏమొస్తుందండీ. ఆ ఊళ్ళో చెప్పండి" అన్నారు. తమ్ముడూ అనలేదు.

మంగళవారం పొద్దున మొదటి బస్సుకి వెళ్ళాను. చెరువు మెట్ల మీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు బిందెలు ముంచుతున్నారు. సభలో చూసిన మనిషినే కాబట్టి గుర్తుపట్టారు. "ఏంటి సారూ, ఇంత పొద్దున్నే?" అన్నారు. నిలబడి చెప్పాను. ఆ రోజు ఇక్కడ కాపలా ఉన్నది నేను. నోట్లో నీళ్ళు పోసుకోనిది నేను. పోసుకున్నానని ఆయనతో చెప్పింది నేను. ఆయన ఆ పూట ఈ ఊళ్ళోనే లేరు. మెరుగులు పెట్టలేదు.

ఎవరూ అరవలేదు. అరుస్తారనే వెళ్ళాను నేను. అరిస్తే తేలిగ్గా ఉండేదేమో. వాళ్ళలో పెద్దావిడ ఒకామె, బిందె నీళ్ళలోనే వదిలేసి, నన్ను చూసింది. "ఆయన భుజాన ఎత్తుకొచ్చిన బిందెని నేను తన్నానయ్యా" అంది. "తన్నితే నీళ్ళన్నీ పోయాయి. మళ్ళీ వెళ్ళి తెచ్చాడు."

పక్కనున్న ఆమె ఆవిడ బిందె ముంచి చంకనెత్తుకుంది. ఒకరి తర్వాత ఒకరు మెట్లెక్కి నా పక్కనుంచే వెళ్ళిపోయారు. కూర్చోమని ఎవరూ అనలేదు. వెళ్ళమనీ అనలేదు.

క్షమించమని నేను అడగలేదు. అడగాల్సిన మనిషి దగ్గర పదేళ్ళు ఉండి అడగనివాణ్ణి, ఇప్పుడు వాళ్ళనెలా అడుగుతాను? ఇందులో నాకు దక్కింది ఒక్కటే. ఆ పని చేసింది ఎవరో ఇప్పుడు ఆ ఊరికి తెలుసు. ఎండెక్కేదాకా ఆ మెట్ల మీదే నిలబడ్డాను. నా గురించి నిజం తెలిసిన ఊళ్ళో నిలబడటం నాకు అదే మొదటిసారి.