మేం కట్టం అని పాడిన పాట

శంషాబాద్‌లో మైకు సెట్లు కిరాయికిస్తాను. చర్చిలో నేర్చుకున్న గిటారు తప్ప నాకు వేరే విద్య రాదు. దుకాణాల ఇన్సూరెన్స్ ప్రీమియం మళ్లీ పెంచారని తెలిసి కడుపు మండి ఒక రాక్ పాట రాశాను. "పెంచుకుంటూ పోతే పెంచుకో, మేం కట్టం, ఇగ మేం కట్టం." చిన్న వ్యాపారుల మీటింగులో డ్రమ్స్ పెట్టించి మరీ పాడాను. మీద విమానం వస్తే ఆగి, అది పోయాక అందుకోవడం ఇక్కడ పాడేవాళ్లందరికీ అలవాటే. ఆ రోజు నేను ఆగిన చోటల్లా జనమే "కట్టం" అని అందుకున్నారు. తగ్గించేదాకా ఎవరూ కట్టొద్దని చేతులెత్తి ఒప్పుకున్నారు. అందరికంటే పైన ఉన్న చెయ్యి నాది.

ఇంటికి రాగానే నా భార్య, "పాట పాటే, పాలసీ పాలసీ. ఫోనియ్యి" అంది. ఇచ్చాను. ఆమె కట్టేసింది. నాకు హాయిగా నిద్ర పట్టింది. ఆ నిద్ర తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది.

నా గోదాము పక్కనే, నేను అన్నా అని పిలిచే టెంట్ హౌస్ ఆయన గోదాము. మధ్యలో ఒకటే గోడ. ఆయన మాట మీద నిలబడ్డాడు, కట్టలేదు. షామియానాలు వేస్తూ కూడా నా పాటే పాడేవాడు. "మా తమ్ముడు రాసిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పక్కన నేను తేలు కుట్టిన దొంగలా ఉండేవాణ్ణి.

ఎండాకాలంలో వైరు కాలి రెండు గోదాములూ అంటుకున్నాయి. ఆయన పరదాలు, కుర్చీలు, కార్పెట్లు అన్నీ బూడిదయ్యాయి. నా స్పీకర్లూ మాడిపోయాయి.

నాలుగు రోజులకు ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి నష్టం చూడటానికి వచ్చాడు. అన్న ఎదురెళ్లి, "ఎవరిది చూడనీకి వచ్చిన్రు సారూ?" అన్నాడు. అతను నన్ను చూపించాడు. అన్న నావైపు తిరిగాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. విమానం వచ్చింది. అలవాటుగా ఆగాను. అది వెళ్లిపోయింది. నేను మాత్రం అందుకోలేదు.

నాలుగు తిట్టినా బాగుండేది. అన్న ఆ కంపెనీ మనిషి చెయ్యి పట్టుకుని మాడిన నా స్పీకర్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"జర మంచిగ రాసుకోన్రి సారూ. మస్తు బాక్సులు. మా పాట వీట్లనే పాడినం."