మోటరు కంపెనీకి మా అమ్మ జాబు

ఒక మోటరు కంపెనీ ఆఫీసును పట్టపగలు ఏడిపించిన ఘనత మా పావగడ తాలూకాలో నాకొక్కడికే దక్కింది. గొడవ పెట్టి కాదు, గేటు ముందు కూర్చుని కాదు. ఒక్క జాబు రాసి. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మా బంధువులు ఎలాగూ ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, మీరు కలిస్తే కొత్తగా పోయే పరువేమీ లేదు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. మా ఊరు వై.ఎన్.హొసకోటకు రెండు మైళ్ళు. వానలు ముఖం చాటేసి, శెనక్కాయ పంట వరుసగా రెండేళ్ళు ఎండిపోయి, మగవాళ్ళు సగం మంది బెంగళూరు కట్టడం పనులకూ కాఫీ తోటలకూ వెళ్ళిపోయారు. నేను పియుసి తప్పి ఊళ్ళోనే మిగిలాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివిందే కొంచెం కాబట్టి పోయిన మతి కూడా కొంచెమే అయ్యుంటుందని నా ధీమా.

ఆ కొంచెం చదువుకే ఊరి ఆడవాళ్ళు నాకొక ఉద్యోగం ఇచ్చారు. దూరాన ఉన్న మొగుళ్ళకు జాబులు రాసిపెట్టడం. మాది కర్ణాటక అంచు, ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది కన్నడం. కాబట్టి వాళ్ళు తెలుగులో చెబుతారు, నేను ఆ తెలుగునే కన్నడ అక్షరాల్లో రాస్తాను. అవతల మొగుడు కూడా మా బడిలోనే నాలుగో తరగతి దాకా పోయినవాడు గనుక కూడబలుక్కుని చదువుకుంటాడు. ఈ ఏర్పాటు లోకంలో ఇంకెవరికి పనికొస్తుందో తెలీదు గానీ మాకు చక్కగా సరిపోయింది.

మొదట్లో చెప్పింది చెప్పినట్టే రాసేవాణ్ణి. పక్కింటి రామక్క "బర్రె ఈనింది, పిల్లోనికి జొరం తగ్గింది, నువ్వు ఎప్పుడొస్తావు" అని మూడు ముక్కలు చెప్పి లేచిపోయేది. నాకు చప్పగా అనిపించింది. ఉప్పూ కారం నేనే వేయడం మొదలుపెట్టాను. "మీ రాక కోసం బస్సు దారి చూసి చూసి కళ్ళు కాయలు కాచినాయి" అని రాసిన మొదటి జాబుకే రామక్క మొగుడు కాఫీ తోట వదిలేసి పదో రోజుకు ఊళ్ళో దిగాడు. ఇంకేముంది! చేలల్లో కాయలు కాయని ఆ కాలంలో, మా ఊరి ఆడవాళ్ళ కళ్ళు మాత్రం నా చేతి చలవతో విరగ్గాశాయి.

ఒక్క మా అమ్మ మాత్రం నా చేత జాబు రాయించలేదు. మా నాయన ఈరన్న ఇల్లు వదిలి అప్పటికి పదిహేడు నెలలు. రెండు బోర్లు వేయించి, రెండింట్లోనూ దుమ్మే లేస్తే, ఎవరికీ చెప్పకుండా బెంగళూరు బస్సెక్కాడు. ఆయన పోయిన మూడు నెలలకు మా మేనమామ చూపించిన చోట అమ్మ మూడో బోరు వేయించింది. నీళ్ళు పడ్డాయి. అక్కడ కట్టడం పనిలో మా ఊరివాళ్ళ నోట ఆ సంగతి విని నాయన, "నేను లేకపోతేనే నీళ్ళు పడతాయన్నమాట" అన్నాడట. ఆ మాట ఊరు చేరింది, ఆయన చేరలేదు.

"నాయనకు నాలుగు ముక్కలు రాయనా మా?" అని ఒకసారి అడిగాను.

"కొడుకు చేత మొగునికి జాబు రాయించుకుంటారేంరా, సిగ్గు లేకుండా! పోయి ఎద్దుకు నీళ్ళు పెట్టు పో" అంది. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

ఇక అసలు కథ. ఆ ఎండాకాలం బోరు కింద శెనక్కాయ వేశాం. సరిగ్గా ఊడలు దిగే సమయానికి మోటరు కాలిపోయింది. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, శెనక్కాయ చెట్టుకు పువ్వు రాలాక అక్కడి నుంచి సన్నని ఊడ ఒకటి భూమిలోకి దిగాలి. దిగితేనే కాయ. నేల తడి లేక గట్టిపడితే ఆ ఊడ గాల్లోనే వేలాడి ఎండిపోతుంది. కంపెనీ మెకానిక్కు మంజణ్ణ వచ్చి మోటరు పైకి తీసి, బస్సు టాపు మీద వేసుకుని, "ఎనిమిది దినాల్లో తెస్తానమ్మా" అని బెంగళూరు పోయాడు. పన్నెండు రోజులైనా మనిషి జాడ లేదు. మోటరు అమ్మ పేరు మీద ఉంది. కాబట్టి అమ్మ పేరుతోనే కంపెనీకి జాబు రాయాలని తీర్మానించాం.

నేను తెల్ల కాగితం, కొత్త రీఫిలు పెట్టుకుని కూర్చున్నాను. బడిలో నేర్పిన కన్నడ పద్ధతిలో పైన మా చిరునామా, కింద కంపెనీ చిరునామా, 'మాన్యరే' అనే పిలుపు, మోటరు నంబరు, విషయం అన్నీ కుదురుగా దించాను. అక్కడిదాకా ఏ తాసిల్దారు చూసినా మెచ్చుకునేట్టే ఉంది. చెడిందంతా ఆ తరువాతే, అలవాటు కొద్దీ అమ్మ తెలుగునే కన్నడ అక్షరాల్లో దించబోయి.

అమ్మ వాకిట్లో కూర్చుని చాటలో కొర్రలు చెరుగుతోంది.

"చెప్పు మా, ఏమి రాయాల?"

"రాయి. పోయేటప్పుడు ఏమి జెప్పి పోతివి, ఇప్పుడు ఏమి జేస్తా ఉండావు?"

"కంపెనీని నువ్వు అనగూడదు మా. మీరు అనాల."

"ఎట్లన్నా పెట్టుకో. నేను జెప్పేది మాత్రం ఇడిసిపెట్టొద్దు. మేము ఏమన్నా అంటిమా? కరెంటు అట్లాది, కాలం అట్లాది. కాలిందంటే మీ తప్పని అంటిమా? దానికి మొగం దాచుకోని ఆడనే ఉండిపోతారా?"

భలే చెబుతోంది అనుకున్నాను. తిట్టకుండా మెత్తగా దెబ్బ కొట్టడం ఇదే గదా!

"నీళ్ళు పడినాయని అలుగుతారా ఎవురన్నా?"

నా రీఫిలు ఆగింది. "మా, నీళ్ళు పడితే కంపెనీకి అలకేంది?"

"రాయమంటే రాయి రా! ఎదురు ప్రశ్నలేంది?"

రాశాను.

"నేల గట్టిపడతా ఉండాది. ఇప్పుడు రాకపోతే ఇంక ఎప్పుడొచ్చినా ఒకటే. గ్యారంటీ పద్దెనిమిది నెల్లు అని కాగితం ఉండాది గదా, అదీ రాయి. ఆ లోపల వస్తే బాగు చేసుకోవచ్చు. అది దాటిందంటే నేనేమీ అడగను, మీరేమీ చెప్పొద్దు."

చాట చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. మీకు ఈపాటికి అంతా అర్థమైపోయిందని నాకు తెలుసు. ఊరి మొత్తానికి విరహం సరఫరా చేసే మహానుభావుణ్ణి, నాకు మాత్రం అర్థం కాలేదు. పైగా ఇంత మంచి జాబుకు నా వంతు మసాలా పడకపోతే ఎలా అని, "బస్సు హారను వినబడితే గుండె ఆగుతుంది, ముద్ద నోటికి పోదు, కళ్ళు కాయలు కాచినాయి" అని నా దగ్గరున్న సరుకంతా దింపి, "ఇట్లు, మీ రాక కోసం వేయి కళ్ళతో ఎదురుచూసే హనుమక్క" అని ముగించాను. చదివి వినిపించాను. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొర్రల దుమ్ము పడిందని చెప్పింది. శుభం జరగాలని కాగితం నాలుగు మూలలా తనే పసుపు రాసి ఇచ్చింది. నేను హొసకోటకు సైకిలు తొక్కి డబ్బాలో వేసి వచ్చాను.

ఆరో రోజు పొద్దున ఇంటి ముందు జీపు ఆగింది. మంజణ్ణ దిగాడు. వెనుక మోటరు. మంజణ్ణ ముఖం మాత్రం ఆ కాలిన మోటరు కంటే నల్లగా ఉంది. ఆయనది మధుగిరి వైపు, వచ్చీరాని తెలుగు.

"సీనప్పా, ఈ లెటరు ఎవరు రాసింది?"

"నేనే! బాగుందా?"

"బాగుందా అంటావా! మా మేనేజరుకు కన్నడ అక్షరం వస్తుంది, తెలుగు రాదు. ఏమిరా ఇది, చదివితే పాట మాదిరి ఉందని గట్టిగా చదివినారు. అందరూ చుట్టూ చేరినారు. టీ ఇచ్చే గంగమ్మ ఉంది చూడు, హిందూపురం ఆమె, ట్రే పట్టుకొని నిలబడింది. రెండో పేజీకి ట్రే కింద పెట్టింది. చివరికి తనే కింద కూర్చుంది. ఏడుపే ఏడుపు. ఆమెను చూసి టైపు కొట్టే అమ్మాయి కూడా ఏడ్చింది, పాపం ఒక్క ముక్క తెలీకపోయినా."

"తరువాత?"

"ఏమని రాసినారమ్మా అని మేనేజరు అడిగితే గంగమ్మ ఏమన్నదో తెలుసా? 'సార్, ఈ యమ్మకు మోటరు ఈ పొద్దే పంపియ్యండి. మొగుడు మన ఆఫీసులోనే ఉంటే ఆయప్పను గూడ పంపియ్యండి' అంది!"

నాకు నవ్వు వచ్చింది. మంజణ్ణకు రాలేదు.

"నవ్వు నువ్వు! మెకానిక్కులం నలుగుర్ని నిలబెట్టి, హనుమక్క మీలో ఎవరికి ఏమవుతుంది అని అడిగినారు. పావగడ లైను నాది. నాకు ఇంట్లో భార్య ఉంది, ఇద్దరు పిల్లలు ఉన్నారు. అందరూ నన్నే చూస్తా ఉన్నారు. నా గతి ఏమయ్యుంటుందో నువ్వే చెప్పు!"

జేబులోంచి ఆ జాబు తీసి అమ్మ చేతికి ఇచ్చాడు. పైన వంకాయ రంగు సీలు గుండ్రంగా పడి ఉంది. అంతవరకూ గట్టిగా అరిచిన మనిషి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మోటరు మా పని, చేసినాం. మిగతాది మా కంపెనీ చేసేది కాదు. ఇది ఎవరికి చేరాలో వాళ్ళకు చేర్చండి."

అమ్మ జాబు మడిచి రొండిన దోపుకుంది. ఆయనకు చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మధ్యాహ్నానికి మోటరు దిగింది, పైపులో నీళ్ళు వచ్చాయి. నీళ్ళతోపాటు నాకు బుద్ధి కూడా అప్పుడే వచ్చింది. ఊరందరి ఎదురుచూపులూ రాసినవాణ్ణి, నా ఇంట్లో ఉన్నదాన్ని చూడలేకపోయాను. చూడలేదా, చూడకూడదనుకున్నానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. సాయంత్రం బస్సు మలుపు దగ్గర హారను వేస్తే నేనూ తలెత్తి చూసేవాణ్ణి. నాకూ నాయన కావాలనే ఉండేది. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు.

రెండు రోజులాగి కొత్త కాగితం తీసుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను.

"మా, నాయనకు రాస్తా. ఈసారి బాగా రాస్తా."

"వద్దు నాయనా. నువ్వు బాగా రాస్తే ఈసారి పోలీసోళ్ళు వస్తారు. ఆ పాతదే పంపు."

"దాని మీద సీలుండాది మా. మోటరు నంబరుండాది."

"ఉండనీ. అదే పంపు."

సీలుతో, పసుపుతో, మోటరు నంబరుతో అదే జాబు బెంగళూరు ప్రయాణం మళ్ళీ కట్టింది.

పదకొండో రోజు సాయంత్రం బస్సు మలుపు దగ్గర హారను వేసింది. తలెత్తి చూస్తే చంకలో గోనెసంచితో నాయన. చిక్కిపోయాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను గడప దగ్గర నిలబడ్డాను.

నాయన జాబు బయటికి తీశాడు. "ఏమ్మే, ఈ సీలేంది? కోర్టు నోటీసనుకోని రెండు దినాలు చదవనే లేదు."

"చదివినాక?"

"అంతా మీరు, మీరు అని ఉండాది. మన ఇంట్లో నన్ను మీరు అన్నోళ్ళు యాడుండారు? ఎవరిదో నాకొచ్చిందనుకొంటి."

"మల్ల ఎట్ల కనిపెట్టినావు?"

నాయన జాబు మడత విప్పి ఒక వరుస మీద వేలు పెట్టాడు. "నీళ్ళు పడినాయని అలుగుతారా ఎవురన్నా, అని ఉండాది గదా" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత నెమ్మదిగా, "ఊడలు దిగినాయా?" అని అడిగాడు.

"సగం దిగినాయి. సగం గాల్లోనే ఎండిపాయ."

నాయన వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు. "గ్యారంటీ పద్దెనిమిది నెల్లని రాయించినావు. నేను పోయి పద్దెనిమిది నిండేదానికి ఇంకా పది దినాలుండాది. లోపలికి రానిస్తావా?"

అమ్మ చెంబు తీసి ఆయన చేతికి ఇచ్చింది. "ఇది బాగుచేసే గ్యారంటీనే, మార్చి ఇచ్చేది గాదు. ఏమి జేస్తాం? కాళ్ళు కడుక్కో పో."

నేను పగలబడి నవ్వాను. నాయన నవ్వాడు. పదిహేడు నెలల తరువాత మా అమ్మ నవ్వు ఆ పొద్దు విన్నాను, కొంగు అడ్డం పెట్టుకున్నా వినబడింది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. బోరు కూడా ఎప్పుడో ఎండిపోయింది. ఆ జాబు మాత్రం నా దగ్గరే ఉంది. సీలు వెలిసిపోయింది, పసుపు ఇంకా కొంచెం తెలుస్తుంది. ఊరికి పోయినప్పుడల్లా ఆ మలుపు దగ్గర బస్సు హారను వేస్తే నా తల దానంతటదే లేస్తుంది. ఎవరూ దిగరని తెలుసు.

కాబట్టి పెద్దలారా, ఆ నాలుగు పసుపు మూలల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫ్యాను తిరగకపోనీ, ఫ్రిజ్జు నీళ్ళు కార్చనీ, మిక్సీ మూలగనీ, ఈ జన్మలో ఏ కంపెనీకీ నా చేత్తో జాబు రాయను. అయితే ఒక్క మాట. పోయినవాళ్ళను వెనక్కి పంపే కంపెనీ ఏదైనా ఉందని తెలిస్తే మాత్రం అడ్రసు చెప్పండి. రీఫిలు నా దగ్గరుంది, పసుపు తెచ్చుకుంటాను.