పళ్ళ డాక్టరు గేరు పెట్టె

ఆఫీసులో అందరూ ఆయన్ని పళ్ళ డాక్టరు అనేవారు. ఎవరి నోట్లోనూ ఆయన చెయ్యి పెట్టింది లేదు. ఆయన చూసేవి గేరు పళ్ళు. కొత్త గేరు చేతికి రాగానే దాని పళ్ళకు నీలం రంగు పూసి, జత గేరుతో కలిపి చేత్తో తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో కళ్ళజోడు నుదుటి మీదకు తోసి మరీ చూసేవాడు. పంటి నడుమ చెరిగితే కాపురం చేస్తాయనేవాడు. అంచున చెరిగితే విడాకులే అనేవాడు. ఈ ముక్క వెయ్యిసార్లు విన్నవాళ్ళు కూడా నవ్వేవారు, ఏం చేస్తారు మరి!

బస్సుకు బ్రేకు పడాలన్నా, తలుపు తెరుచుకోవాలన్నా గాలి కావాలి. ఆ గాలిని ట్యాంకుల్లోకి కుక్కే కంప్రెసర్‌ని పాత బస్సుల్లో ఇంజినే తిప్పేది. కరెంటు బస్సులు వచ్చి ఇంజిను పోయాక కంప్రెసర్‌కి దిక్కెవరు? దానికో సొంత మోటారు కావాల్సి వచ్చింది. తీరా బస్సు కింద దూరి చూస్తే చోటంతా బ్యాటరీలే మింగేశాయి. మిగిలిన ఆ కాస్త సందులోనే మోటారు, కంప్రెసరు, వాటిని కలిపే సరంజామా అన్నీ ఇమడాలి. వాళ్ళ కంపెనీ చేసే పని అదే. చిన్న మోటారు పెట్టి గిర్రున తిప్పుదాం, నడుమ నా గేర్లు ఆ జోరు తగ్గించి కంప్రెసర్‌కి అందిస్తాయి అన్నది పళ్ళ డాక్టరు పట్టు.

పాపం, ఉద్యోగమంతా గీసి గీసి చేతులరిగాయి గానీ, ఆయన గేరు ఒక్కటీ రోడ్డెక్కలేదు. ఒకదానికి ఆర్డరు చెయ్యిజారింది. ఒకదానికి పై అధికారి మారాడు. ఇంకొకటి అంతా అయ్యాక, ఇంత బరువేమిటన్నారు. రిటైరయ్యేలోపు నా పళ్ళ మీద ఒక్క బస్సు తిరిగితే చాలనేవాడు. కరెంటు బస్సుకి గీసిన ఈ గేరు పెట్టే ఆయనకు ఆఖరి అవకాశం, ఆ సంగతి ఇంటా బయటా అందరికీ తెలుసు.

ఆ మోటారు గీసేది ఎవరో కాదు, స్వయానా తమ్ముడు. తండ్రి పోయాక చదివించిందీ, చెయ్యి పట్టి ఈ పని నేర్పిందీ ఆయనే. ఇద్దరివీ పక్కపక్క బల్లలు, పొద్దస్తమానం కీచులాటే. గేర్లే వద్దు, మోటారుని కంప్రెసర్ ఇరుసు మీదే నేరుగా బిగించేద్దాం అని తమ్ముడు. నేను బతికుండగా అది జరగదని ఈయన. భోజనాల వేళకు మళ్ళీ ఒకే గిన్నెలో కూర పంచుకునేవారు.

పెట్టె తయారు కావచ్చిందనగా ఆయన గుండె మొరాయించింది. ఆపరేషనయింది. మంచం దిగనివ్వద్దు, మనసు కష్టపడే మాట చెవిన పడనివ్వద్దు అని చెప్పి పంపారు డాక్టర్లు, అసలు డాక్టర్లు. ఆయన ఊరుకుంటాడా? రోజూ సాయంత్రం తమ్ముడికి ఫోను. పెట్టె బిగించారా, గేర్ల కూత ఎలా ఉంది అని. అంతా బాగుందనేవాడు తమ్ముడు. ఇంకాస్త గుచ్చి అడగబోతే భార్య వచ్చి, మందుల వేళయిందంటూ ఫోను లాక్కునేది. పిచ్చి మారాజు, ఆయనకు అనుమానమే రాలేదు.

ఒక ఆదివారం తమ్ముడు ఇంటికొచ్చాడు. బస్సు కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు, బళ్ళు తయారవుతున్నాయి అని చెప్పాడు. ఆయన మొహం చేటంత అయింది. ఏదీ, వినిపించమన్నాడు. తమ్ముడు ఫోను తీసి, టెస్టు గదిలో రికార్డు చేశానంటూ శబ్దం పెట్టాడు.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మోటారు అందుకుంది. గేర్లు సన్నగా కూస్తున్నాయి. ఆ కూతలో ఒక టిక్కు. ఆగి, మళ్ళీ టిక్కు.

ఆ టిక్కు ఆయనకు తెలుసు. మొట్టమొదటి నమూనా పెట్టె బిగించే రోజున ఆయన చేతిలోంచే గేరు జారి ఒక పంటికి గాటు పడింది. ఆగలేక అలాగే ఒకసారి తిప్పి చూసి, ఆ తర్వాత గేరు మార్పించాడు. తమ్ముడు తెచ్చింది ఆ రోజు చేసిన రికార్డు. మోటారు మనిషి, ఆ టిక్కు వాడి చెవికెక్కలేదు. కొత్త పెట్టె కూత ఉంటే పాతది తేవలసిన ఖర్మేమిటి? లేదు కాబట్టే తెచ్చాడు. గేర్లు తీసేశారు. మోటారుని నేరుగా ఇరుసు మీద బిగించేశారు.

ఆయన గుండె పగిలింది. కుట్లున్న చోట అరచెయ్యి అదుముకున్నాడు. బతుకంతా ధారపోసినదాన్ని, తను మంచాన పడి ఉండగా తీసి మూలన పెట్టారు. పెట్టింది తమ్ముడు, దాచింది భార్య. కడిగి పారేద్దామనే కళ్ళు తెరిచాడు.

ఎదురుగా తమ్ముడు, చిన్నప్పుడు పలక పగలగొట్టుకొచ్చి నిలబడ్డవాడిలా, ఫోను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. అబద్ధమాడటం వాడికి ఏనాడూ చేతకాలేదు.

“బాగుందిరా,” అన్నాడు ఆయన.

“నిజంగానా అన్నయ్యా?”

“నిజంగానే. ఒక్క మాట విను. రేపెప్పుడైనా చోటు చాలక గేర్లు తీసెయ్యాల్సి వస్తే తీసెయ్. అన్నయ్య ఏమనుకుంటాడో అని ఆగకు. బస్సుకి బ్రేకు పడాలి. మన పని అదే కదరా.”

తమ్ముడు ఫోను పక్క మీద పెట్టి, మంచం పట్టెకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఎందుకని ఆయన అడగలేదు. వాడి జుట్టులో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కొస్తానంటూ తమ్ముడు పెరట్లోకి వెళ్ళాడు.

పక్క మీద ఫోను ఇంకా కూస్తూనే ఉంది. భార్య వచ్చి, అలసిపోతారు, ఇక చాలు అంటూ ఆపబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఉండనివ్వవే. అందులోనన్నా నా గేరు తిరుగుతోందిగా.”

ఆవిడ అక్కడే కూలబడిపోయింది.