బస్సులో ఎగరేసిన బత్తాయి

తొంభైల మధ్యలో నేను ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. ఒకరోజు పామర్రులో విజయవాడ బస్సెక్కి, ఫిజిక్సు హోంవర్కు ముందేసుకున్నాను. ఒకే వేగంతో పోతున్న బస్సులో బంతిని నిటారుగా పైకి విసిరితే ఎక్కడ పడుతుందన్నది లెక్క. వెనక్కే పడుతుందని నా నమ్మకం. విసిరినవాడి చేతిలోకేనని పుస్తకం చివర జవాబు. ఫిజిక్సు నా వల్ల కాదు, సీఈసీకి మారిపోతానని ఇంట్లో అప్పటికే చెప్పేశాను.

పక్క సీట్లో బురఖా వేసుకున్న ఒకావిడ నా పుస్తకంలోకి తొంగి చూశారు.

"ఏంటమ్మా, ఇందాకట్నుంచి పెన్ను కొరుకుతున్నావు?"

చెప్పాను. ఆవిడ సంచిలోంచి ఒక బత్తాయి తీసి నా చేతిలో పెట్టారు.

"పైకి ఎగరెయ్, చూద్దాం."

"బస్సులోనా అండీ?"

"లెక్కలో ఉన్నదీ బస్సేగా."

సిగ్గుపడుతూనే ఎగరేశాను. సూటిగా నా అరచేతిలోకే వచ్చి పడింది. నమ్మలేక మళ్ళీ ఎగరేశాను. సరిగ్గా అప్పుడే గేదె అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. బత్తాయి ముందు సీటు దాటి ఒక పెద్దాయన ఒళ్ళో పడింది.

"ఇప్పుడెందుకు ముందుకెళ్ళింది?" అన్నారావిడ.

"బస్సు ఆగింది గానీ బత్తాయి ఆగలేదండీ. బస్సు వేగం దానికీ ఉంది."

"మరింకేం, రాసెయ్" అని నవ్వి, ఆవిడ కంకిపాడులో దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

మిగతా లెక్కలు ఒకదాని వెంట ఒకటి ఆత్రంగా చేసుకుపోయాను. పటమటలో దిగాల్సినదాన్ని, బస్టాండులో బస్సంతా ఖాళీ అయ్యాక కండక్టరు పిలిస్తే గానీ తలెత్తలేదు.