రెండు సీసాలూ ఊదారంగే

ఆ పళ్ల డాక్టరు గారి దగ్గర పదిహేడేళ్లుగా పనిచేస్తున్న అసిస్టెంటును అందరూ నూటికినూరమ్మ అంటారు. పేరు పెట్టింది డాక్టరు గారే. ఆవిడ సర్దిన ట్రేలో పనిముట్ల వరుస తప్పదు, ఆవిడ రాసిన రిజిస్టర్లో కొట్టివేత కనపడదు. ఆ పేరు వెక్కిరింతో మెచ్చుకోలో ఆవిడ ఎవరినీ అడగలేదు, మెచ్చుకోలే అని తనే ఖాయం చేసుకుంది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే అందరికంటే ముందు ఆవిడే నవ్వుతుంది. ఆ నవ్వు ఊరికే రాలేదు.

పదకొండు నెలల కిందట క్లినిక్‌కి కొత్త నిబంధనల పుస్తకం వచ్చింది. పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో ప్రతి సోమవారం చూడమన్నారు. అందుకు ఊదారంగు మందున్న రెండు చిన్న సీసాలు వాడాలి. రెండింట్లోనూ మొండి సూక్ష్మజీవులుంటాయి. ఒక సీసాను మిషన్లో పెట్టాలి, రెండోదాన్ని బయటే ఉంచాలి. ఆ తర్వాత రెండింటినీ ఒక రోజు వెచ్చటి పెట్టెలో ఉంచాలి. సూక్ష్మజీవులు బతికుంటే మందు పసుపురంగుకి తిరుగుతుంది. లోపలికెళ్లొచ్చింది ఊదాగానే ఉండాలి, బయట ఉన్నది పసుపు కావాలి. బయటిది పసుపు కాకపోతే సీసాలే చచ్చిపోయాయని, పరీక్ష చెల్లదని అర్థం. ఇదంతా పుస్తకం రెండో పేజీలో ఉంది. మన నూటికినూరమ్మ మొదటి పేజీ చదివి, మిగతాది నాకు తెలియనిదా అని మూసేసింది.

మొదటి వారం బయటి సీసా పసుపురంగుకి తిరిగేసరికి ఆవిడ గుండె జారిపోయింది. తను రోజూ తుడిచే గదిలో సూక్ష్మజీవులా? డాక్టరు గారిని ఒక్క మాట అడిగితే అక్కడితో తేలిపోయేది. పదిహేడేళ్ల అనుభవం అడగనిస్తేనా. రిజిస్టర్లో ఆ పేజీ చింపి, ఊదాయేనని శుభ్రంగా మళ్లీ రాసి, రెండో వారం నుంచి రెండు సీసాలనూ మిషన్లోనే పెట్టడం మొదలుపెట్టింది. రెండూ ఊదాగా వచ్చేవి. "బాగుంది, బాగుంది" అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద స్కేలు పెట్టి గీత గీసేది. కొత్తగా చేరిన రిసెప్షన్ అమ్మాయికి శుభ్రత గురించి క్లాసు కూడా పీకింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అంటారే, ఆ బల్లి తనేనని ఇప్పుడు తనే చెబుతుంది.

తనిఖీకి వచ్చినావిడ మెత్తగా మాట్లాడే మనిషి. రిజిస్టర్ చూసి ముచ్చటపడుతుందని మనావిడ పక్కనే నిలబడింది. తనిఖీ ఆవిడ నాలుగు పేజీలు తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది. బయటి సీసా ఒక్కసారి కూడా పసుపు కాలేదేమని అడిగింది. పదిహేడేళ్లలో ఈ చేతి మీదుగా తప్పు జరగలేదని డాక్టరు గారు అడ్డుపడ్డారు. అది విన్నాక నూటికినూరమ్మ ముందుకొచ్చి రిజిస్టర్ మూసేసింది.

"రెండూ లోపలే పెట్టానండీ. పసుపు రాకూడదనుకున్నాను."

తనిఖీ ఆవిడ కోప్పడలేదు. పాము ముందే చచ్చిందో లేదో చూడకుండా, కొట్టి చంపేశానని రాసుకున్నట్టుంది అని మాత్రం అంది. ఆవిడ తన సంచీలోంచి రెండు కొత్త సీసాలు తీసింది. ఒకటి మిషన్లో పెట్టించింది, ఒకటి బయట ఉంచింది. క్లినిక్‌లోని పాత సీసాల పెట్టెలోంచి ఇంకోటి తీసి దాన్నీ బయటే ఉంచింది. తర్వాత మూడింటినీ వెచ్చటి పెట్టెలో పెట్టించి, మర్నాటిదాకా ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టొద్దని చెప్పి వెళ్లింది.

మర్నాడు చూస్తే మిషన్లో పెట్టింది ఊదా, బయట ఉంచిన కొత్తది పసుపు. అంటే మిషన్ బంగారం. పాత సీసా మాత్రం బయట ఉండి కూడా ఊదాగానే ఉంది. ఆ సీసాల పెట్టెను నూటికినూరమ్మ వేడి మిషన్ మీదే దాచేది, అందులోని జీవులు ఎప్పుడు చచ్చాయో ఎవరికీ తెలియదు. తనిఖీ ఆవిడ క్లినిక్ తెరుచుకోవచ్చంది. కానీ ఈ పరీక్ష ఈ రోజుకేనని, గడిచిన నెలల గురించి ఏమీ చెప్పదని కూడా అంది. పనిముట్ల ప్యాకెట్ల మీద ఆవిరి వేడికి రంగు మారే గీతలు ప్రతిసారీ నల్లబడ్డాయి కాబట్టి భయం తక్కువే, అయినా ఆ నెలల్లో పన్ను తీయించుకున్న వాళ్లందరికీ విషయం చెప్పి, ఓసారి పిలిచి చూడాలి. డాక్టరు గారు జాబితా ముందేసుకుని ఫోన్ అందుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడకి ఏడుపొచ్చింది.

ఆ జాబితాలో ఒక పేరు దగ్గర, ఇది నేను చెబుతానండీ అని ఆపింది. అది తన అత్తగారి పేరు. కిందటి నెలలోనే దవడ పన్ను తీయించుకుంది. మా కోడలున్న చోట దుమ్ము కూడా అడిగి లోపలికొస్తుందని చుట్టాలందరికీ చెప్పుకునే మనిషి ఆవిడ.

సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులు విప్పుతూనే మొత్తం చెప్పేసింది. కూర్చుంటే ధైర్యం చాలదని నిలబడే చెప్పింది. చింపిన పేజీ సంగతి కూడా దాచలేదు. అత్తగారు కూరగాయల కత్తిపీట పక్కకి జరిపింది. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి నోరు తెరిచింది.

"చూడు. నీ రిజిస్టర్లో రాసినట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పు."

కోడలు చేతులు కడుక్కొచ్చింది. ఫోన్ లైటు వేసి, దవడ పక్కకి లాగి చూసింది. పన్ను తీసిన చోట చిగురు కలిసిపోయింది, వాపు లేదు, ఎరుపు లేదు. ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆపేసి నోరు మూయమంటే ఆ పూటకి ఇద్దరూ హాయిగా ఉండేవాళ్లు. లైటు మాత్రం ఆర్పలేదు.

"అది మానింది అత్తయ్యా. దాని పక్క పన్ను పుచ్చింది."